ఎర్ర పేలిక కట్టిన సీసా

రోజమ్మ గాజులు పొద్దున ఆఫీసు గుమ్మం దగ్గర ఊడేవి. సాయంత్రం హుగ్లీ రేవు పక్కన గార్డెన్ రీచ్‌లో బస్సు దిగాక మళ్లీ చేతికెక్కేవి. తీయమన్నది ఆఫీసు, వేసుకోమన్నది అత్త యేసురత్నం. ఇద్దరి మాటా కాదనలేక రోజూ సబ్బు నురగ రాసి లాగీ లాగీ ఆమె మణికట్టు దగ్గర చర్మం దోక్కుపోయి ఉండేది. అది చూసి ఆఫీసు కాపలాదారు శ్యామసుందర్ బెంగాలీలో, "ఎందుకు దిది ఈ బాధ, విరగ్గొట్టి పారెయ్యరాదూ" అనేవాడు. అతనికేం తెలుసు! ఆ గాజులు విరిగితే ఇంట్లో ముసలిది బతకదు.

ఆఫీసంటే పెద్ద మేడా, బల్లల నిండా గుమాస్తాలూ అనుకునేరు. అదేం కాదు. భవానీపూర్‌లో ఒక పాత బంగళా వెనక మూడు గదులు. సముద్రం అడుగు నుంచి ఓడ తోడి తెచ్చిన మట్టిని అక్కడ పరీక్ష చేసేవారు. అండమాన్ల అవతల నీళ్లలోంచి లేచిన నిప్పుకొండ దీవి ఒకటుంది. ఎప్పుడో అది కక్కిన బూడిదంతా చుట్టూ సముద్రం అడుగున పేరుకుపోయి ఉంది. ఆ మట్టిలో రాగి ఎంత, సీసం ఎంత, నికెల్ ఎంత అని తేల్చడం వాళ్ల పని. అరవైల్లో మాట ఇది. సముద్రం అడుగున ఏముందో చూడాలని అప్పట్లో అందరికీ ఒకటే యావ. తీరా చూస్తే అందులో ఉండేది నలుసంత. బస్తా మట్టికి ఆవగింజలో సగం. ఆ నలుసును పట్టుకోవాలంటే బయటి నలుసు ఏదీ అందులో పడకూడదు. కాబట్టి ఆ గదుల్లోకి గాజులు రాకూడదు, ఉంగరం రాకూడదు, ముఖాన పౌడరు, కాళ్లకు పసుపు ఏదీ రాకూడదు. తలకు నూనె రాసుకుంటే గుడ్డ బిగించి కట్టుకోవాలి.

అక్కడ పాత్రలు కడగడం రోజమ్మ పని. పరీక్షలు చేసే ఆఫీసరు శ్రీనివాస రావు మన విశాఖపట్నం వైపు మనిషే. మట్టిని ఎండబెట్టి, రాతి కల్వంలో మెత్తగా నూరి, ప్లాటినం గిన్నెల్లో వేసి యాసిడ్‌తో కరిగించేవాడు. కరిగినదాన్ని ఇంకించి, బొగ్గు కడ్డీ కొసన పెట్టి కరెంటుతో మండిస్తే ఆ వెలుగు ఫోటో పలక మీద గీతలు గీతలుగా పడేది. ఏ గీత ఏ లోహానిదో అతనికి తెలుసు. మిగిలిందంతా రోజమ్మ కడిగి తూములో పోసేది. తూము కింద సీసపు రేకు పరిచిన చిన్న తొట్టి ఉంది. కడిగిన మడ్డి అందులో దిగేది. అప్పుడప్పుడూ దాన్ని గరిటెతో ఎత్తి పారబోయడం కూడా ఆమె పనే.

"ఇదిగో రోజమ్మా, బాగా విను" అని శ్రీనివాస రావు మొదటి రోజే చెప్పాడు. "ఈ యాసిడ్ గాజును తినేస్తుంది. అందుకే ప్లాస్టిక్ సీసాలో ఉంచాం. చేతిమీద పడితే వెంటనే మంట పుట్టదు, అదే దీని దొంగబుద్ధి. పొద్దున తాకితే సాయంత్రానికి తెలుస్తుంది. అప్పటికి ఎముక దాకా పోయి ఉంటుంది. మోచేతుల దాకా రబ్బరు తొడుగులు లేకుండా ఆ తూము దగ్గరికి వెళ్లావంటే నీ ఉద్యోగం ఊడినట్టే."

రోజమ్మ ఆ మాట దాటలేదు. తొడుగులు తీసిన రోజు లేదు. ఆ ఒక్కరోజు తప్ప.

ఆ ఉద్యోగం ఆమెకు మొగుడు చచ్చిపోతే వచ్చింది. కృపాదానం ఆ మట్టి తోడే ఓడ మీదే ఖలాసీ. ఇనప తాడు చుట్టే యంత్రం దగ్గర అతని పని. ఒక మధ్యాహ్నం, ఆ నిప్పుకొండ దీవి కళ్లెదుట ఉండగా, పొడుగాటి ఇనప గొట్టాన్ని సముద్రం అడుగుకు దించారు. పైకి లాగుతుంటే ఓడ ఒరిగింది. వదులైన తాడు ఒక్కసారిగా బిగుసుకుని అతన్ని నడుం మీద కొట్టి నీళ్లలోకి విసిరేసింది. పడవ దింపి పొద్దుగుంకేదాకా వెతికారు. మనిషి దొరకలేదు. గొట్టం మాత్రం పైకొచ్చింది, దాని నోట్లో కాస్త మట్టి కూడా వచ్చింది. సర్కారుకు కావలసింది సర్కారుకు దొరికింది. ఇంటికి మాత్రం అతని ఇనప పెట్టె ఒక్కటే వచ్చింది.

తెలుగు సంఘం పాస్టరుగారు గుడిలో ప్రార్థన పెట్టారు. పాట మొదలవగానే యేసురత్నం లేచి బయటికి నడిచింది.

"నా కొడుక్కి ఎవులు మన్నేసినారయ్యా పాటలు పాడతన్నారు? మీరేసినారా? నానేసినానా?" అని గుమ్మంలో నిలబడి అరిచింది.

భీమిలి వైపు నుంచి రేవు పనికి వచ్చిన ఆ కుటుంబాల్లో ఒక ఆనవాయితీ ఉంది. శవపెట్టెను గోతిలోకి దించాక పార తగలకముందే అయినవాళ్లంతా వంగి తలా ఒక గుప్పెడు మన్ను తీసి వేస్తారు. వట్టి చేత్తో వేయాలి. పారతో వేసేది గోతులు తవ్వేవాడు, చేత్తో వేసేది చుట్టం అని యేసురత్నం మాట. మన్ను పడనివాడు పోయినట్టు కాదు, ఇంకా దారిలోనే ఉన్నట్టు. అందుకే ఆమె రోజూ సాయంత్రం కొడుకు కంచంలో అన్నం పెట్టి మూత వేసేది. పొద్దున ఆ చల్దన్నమే తాను తినేది. కోడలి చేతులు బోసిగా కనిపిస్తే ఇల్లు ఎగిరిపోయేలా తిట్టేది.

"గాజులు తీసీసినావేటే? ఎవుడు సచ్చిపోనాడని తీసీసినావు?"

రోజమ్మకు తెలుసు, మొగుడు పోయాడని. అయినా ఎదురుచెప్పేది కాదు. ఆమెకు మాత్రం ఆ లోటు లేదా? ఈస్టరు తెల్లవారుజామున సంఘమంతా సమాధుల తోటకు వెళ్లి, ఎవరివాళ్ల సమాధి దగ్గర వాళ్లు సున్నం వేసి, బంతిపూలు పెట్టి, కొవ్వొత్తి వెలిగించుకుంటుంటే ఆమె ఎక్కడ నిలబడాలో తెలియక గేటు దగ్గర నిలబడింది. పక్కింటివాళ్లు జాలిపడి ఒక కొవ్వొత్తి చేతిలో పెట్టారు. దాన్ని ఎవరి దగ్గర పెట్టను? ఆర్పేసి ఇంటికి తెచ్చుకుంది. ఆ రోజు పడ్డ అవమానం ఆమె ఎన్నటికీ మరిచిపోలేదు. శవం లేకుండా గొయ్యి తవ్వడం కుదరదని, పోయినవాళ్లకే అక్కడ చోటు చాలడం లేదని పాస్టరుగారు ముందే చెప్పేశారు.

అలాంటి రోజుల్లో కూర్మయ్య వచ్చాడు. కృపాదానంతో కలిసి అదే ఓడ మీద పనిచేసినవాడు. వాకిట్లో గొంతుక్కూర్చుని టీ గ్లాసు చేతిలో తిప్పుతూ తిప్పుతూ చివరికి మొదలుపెట్టాడు.

"ఒదినా, నీకో మాట సెప్పాలి. అన్నయ్య పడిపోయినప్పుడు ఆ గొట్టం వొచ్చింది సూడు, దాని మూతిలో ఉన్న మన్ను ఓడ మీద ఆఫీసరు గీకి సీసాలో ఏసినాడు. గుప్పెడుంటాదేమో. అన్నయ్య ఎర్ర గంచా తువ్వాలు డెక్కు మీదే పడుంది. దాన్లో ఒక పేలిక సింపి ఆ సీసా మెడకి కట్టినాను. ఎందుకు కట్టినానంటే ఏటి సెప్పను, కట్టీసినాను. ఆ సీసా మీ ఆఫీసుకే వొచ్చుంటాది."

ఆ రాత్రి రోజమ్మ కన్ను మూయలేదు. మర్నాడు ఆఫీసులో తాళం వేసిన అద్దాల బీరువా ముందు నిలబడి చూసింది. ఒకే తీరు సీసాలు, వరసలు వరసలుగా. పై అరలో మూలగా ఉన్న ఒక సీసా మెడకు ఎర్ర పేలిక వేలాడుతోంది. ఇంతకాలం ఆ బీరువా ఎదురుగా నేల తుడిచింది. ఒక్కసారి తల ఎత్తి చూడలేదు!

అప్పటినుంచి పొద్దున వచ్చీ రాగానే బీరువా వైపు చూపు పోయేది. గుప్పెడు కాదు, చిటికెడు చాలు. దాన్ని తీసుకెళ్లి సమాధుల తోటలో ఏ గోడ వారనో వేస్తే అత్త ఊరుకుంటుంది, తనకూ నిలబడడానికి ఒక చోటుంటుంది. అడగాలి. అడిగితే ఇవ్వడా? మన భాష మాట్లాడే మనిషేగా. ఇలా అనుకుంటూ అనుకుంటూ వానాకాలం సగమయ్యాక ఒకరోజు ధైర్యం చేసింది.

"బాబూ, ఓ మాట. ఆ బీరువాలో మన్ను ఓ గుప్పెడు ఇప్పిత్తారా?"

శ్రీనివాస రావు ఫోటో పలకను వెలుతురుకు పట్టి చూస్తున్నాడు. "మన్నా? దేనికి?"

ఇప్పుడు చెప్పాలి. ఇదిగో ఈ క్షణంలోనే చెప్పాలి. కానీ మొగుడి చావు గురించి పై అధికారి ముందు నోరు తెరవబోయేసరికి మాట మారిపోయింది. "ఊరికే బాబూ" అంది.

అతను నవ్వాడు. చెడ్డవాడు కాదు, ఏదో తోచక నవ్వాడంతే. "ఊరికే ఇవ్వడానికి ఇదేమన్నా గంగ మట్టా? ఓడ నెలల తరబడి తిరిగితే దొరికిన మట్టి. మొక్కలకు కావాలంటే బయట తోటలో తవ్వుకో."

ఆ మాటతో ఆమె తొడుగులు వేసుకుని తూము దగ్గరికి వెళ్లిపోయింది. ఛీ, ఎంత పిరికిదానివే రోజమ్మా! నోరు విప్పి ఒక్క మాట, 'నా మొగుడు అక్కడే పోయాడు' అని అంటే అయిపోయేది. ఆ మనిషైనా, ఖలాసీ పెళ్లామని తెలిసి ఉండీ, ఎందుకడుగుతోందో అని ఒక్కసారి ఆలోచించొద్దూ? ఇద్దరిలో ఎవరికీ ఆ రోజు బుద్ధి పనిచేయలేదు.

చలికాలం వెళ్లేటప్పటికి యేసురత్నం మంచం పట్టింది. కాళ్లు వాచాయి, ఆయాసం ముంచుకొచ్చింది. పోర్టు ఆస్పత్రిలో మందిచ్చారు గాని, డాక్టరు ముఖం చూస్తేనే సంగతి అర్థమయింది. రోజమ్మ ఆమె పక్కన కూర్చుని సీసా సంగతి చెప్పింది. ఎందుకు చెప్పిందో! ఆశ పెడితే నాలుగు రోజులు ఎక్కువ బతుకుతుందనుకుందేమో.

ముసలిదాని కళ్లు వెలిగాయి. కోడలి చెయ్యి పట్టుకుంది. "ఒలే రోజీ, ఆ మన్ను తెచ్చీయే. నన్ను గోతిలో ఎట్టినప్పుడు నా సేతుల్లో ఎట్టు. తల్లీ కొడుకూ ఒక్కసోట ఉంతాం. నా మీద ఏసిన మన్ను ఆడి మీదా పడతాది గదే. అప్పుడు గాజులు తీసీసుకో, నానేటీ అన్ను."

"తెత్తానత్తా."

"ఒట్టేయి."

రోజమ్మ ఆమె నెత్తిన చెయ్యి పెట్టింది.

నాలుగు రోజులు కాదు, రెండు రోజులే బతికింది. తెల్లారి చూస్తే ప్రాణం పోయింది. పక్కింటి ఆడవాళ్లను శవం దగ్గర కూర్చోబెట్టి, రోజమ్మ చీరైనా మార్చుకోకుండా బస్సెక్కింది. అత్త శవాన్ని వదిలి ఆఫీసుకు పోతోందని వాకిట్లో వాళ్లు బుగ్గలు నొక్కుకున్నారు. నొక్కుకోనీ. ఆమెకు ఒకటే ధ్యాస. ఒట్టు వేసింది.

శ్యామసుందర్ తలుపు తీసి ఆమె ముఖం చూసి పక్కకు తప్పుకున్నాడు. శ్రీనివాస రావు లోపలి చీకటి గదిలో పలకలు కడుగుతున్నాడు. బీరువా తలుపు తెరిచే ఉంది. రోజమ్మ గాజులు తీయలేదు, తొడుగులు వేసుకోలేదు. స్టూలు ఎక్కి ఎర్ర పేలిక కట్టిన సీసా దించి మూత తిప్పింది. సీసా మెడ దాకా తడి మన్ను. కూర్మయ్య గుప్పెడే అన్నాడు కదా అని ఒక్క క్షణం అనిపించింది. ఆ గాబరాలో వాడేం చూసుంటాడులే అనుకుంది. గుప్పెడు తీసి కొంగున మూట కట్టుకుని, సీసా ఎక్కడిదక్కడ పెట్టి బయటపడింది. బస్సులో ఆ తడి చీరలోంచి కడుపుకు తగులుతుంటే ఇన్నాళ్లకు మొదటిసారి ఆమెకు గట్టిగా ఏడుపొచ్చింది. పక్కనున్న బెంగాలీ ముసలమ్మ, "ఏడవకమ్మా, ఏడవకు" అని వీపు నిమిరింది.

సాయంత్రం సమాధుల తోటలో పెట్టె మూత వేసేముందు యేసురత్నం చేతుల మధ్య ఆ మూట పెట్టింది. పాస్టరుగారు ఏమిటని అడిగితే, "ఆయన మన్నండి" అంది. ఆయన తలవంచుకుని, ప్రార్థనలో తల్లి పేరుతో పాటు కృపాదానం పేరు కూడా చెప్పారు. ఆ పేరు విని రోజమ్మ తల ఎత్తింది, పెట్టె దించగానే గోతి దగ్గరికి వచ్చింది. వంగి వట్టి చేత్తో మన్ను తీసి రెండుసార్లు వేసింది, ఒకటి అత్తకు, ఒకటి మొగుడికి. కూర్మయ్య వేశాడు. వాకిలివాళ్లంతా వేశారు. ఇంటికొచ్చాక గాజులు తీసి పెట్టెలో పెట్టేసింది. కంచంలో అన్నం పెట్టి మూయలేదు. ఆ రాత్రి ఒళ్లు తెలియకుండా నిద్రపోయింది.

అక్కడితో అయిపోతే ఎంత బావుండేది!

కొన్నాళ్లకు శ్రీనివాస రావు ఆమెను పిలిచాడు. బల్ల మీద ఎర్ర పేలిక సీసా ఉంది. ముఖం గంభీరంగా ఉంది గాని, కోపం కన్నా చికాకే ఎక్కువ కనిపించింది.

"ఇందులోంచి ఎవరో మట్టి తీశారు. నువ్వేనా?"

అబద్ధం ఆడదామనిపించలేదు. "నానే బాబూ."

"ఆ రోజు అడిగావు, వద్దన్నాను. అయినా తీశావు. ఎందుకు?"

ఈసారి మాట మారలేదు. పని అయిపోయిందన్న నిబ్బరం. కృపాదానం ఎక్కడ పడ్డాడో, గొట్టం ఎప్పుడు పైకొచ్చిందో, ఎర్ర గంచా సంగతీ, అత్త చేతుల్లో పెట్టిన సంగతీ అన్నీ నిలబడే చెప్పింది. చెబుతున్నకొద్దీ శ్రీనివాస రావు ముఖం పాలిపోయింది. చివరికి కుర్చీలో వెనక్కి వాలి కళ్లజోడు తీశాడు.

"ఈ పేలిక నీ భర్తదా?"

"అవును బాబూ."

"రోజమ్మా..." అని ఆగాడు. చెప్పకుండా ఉంటే పోయేది. కానీ ఉన్నది ఉన్నట్టు చెప్పడం తప్ప మరొకటి చేతగాని మనిషి. "నువ్వు తీసుకెళ్లింది ఆ మట్టి కాదు."

ఆమెకు అర్థం కాలేదు. "ఈ సీసాలోదే బాబూ. నా సేత్తో నానే తీసినాను."

"సీసా అదే. అందులో వచ్చిన మట్టి చాలా కొంచెం, మసిలాగా నల్లగా ఉండేది. సంక్రాంతి దాటాక అదంతా పరీక్షకు అయిపోయింది. మనకు సీసాలు చాలవు కదా, ఖాళీ అయిందాన్ని నేనే కడిగి, పేలిక విప్పకుండానే వేరే మట్టి పోశాను. పోల్చి చూసుకోవడానికి తెప్పించింది. హుగ్లీ మట్టి. మీ గార్డెన్ రీచ్ రేవు దగ్గర తోడిందే."

హుగ్లీ అంటే గంగే. గంగ మట్టి! వాకిట్లో ఆడవాళ్లు పొయ్యికి పూసే మట్టి. ముసలిది కొడుకనుకుని గుండెకు హత్తుకుని పోయింది దాన్నా!

"మరి ఆ నల్ల మన్నేటయింది బాబూ?" అంది రోజమ్మ. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

"యాసిడ్‌లో కరిగించేశాను. మిగిలింది గిన్నెల్లో..." అంటూ అతను తూము వైపు చెయ్యి చూపించబోయి సగంలో దించేశాడు. గిన్నెలు కడిగింది ఎవరో అప్పుడు గుర్తొచ్చింది.

రోజమ్మకు అంతకుముందే గుర్తొచ్చింది. సంక్రాంతి దాటాక ఆ గిన్నెలన్నీ మెరిసేలా కడిగింది తానే. బాగా కడిగావని ఇతనే మెచ్చుకున్నాడు కూడా. మొగుడి మన్నును తన చేతులతో తానే నీళ్లు పోసి తూములోకి తోసేసింది. దేవుడా, ఇంత అన్యాయమా!

"ఆ రోజు ఎందుకో చెప్పి ఉంటే ఇచ్చేవాణ్ణి రోజమ్మా" అన్నాడు శ్రీనివాస రావు. "వానాకాలంలో అది సీసాలోనే ఉంది."

ఆమె ఏడవలేదు. తూము కేసి చూసి, "బాబూ, ఆ కింది తొట్టిలో ఉంటాదా?" అని అడిగింది.

"ఏది?"

"ఆ నల్ల మన్ను. పండగ ఎల్లినకాణ్ణించి నాను తొట్టి ఎత్తనేదు."

"అందులో అన్నిచోట్ల మట్టీ కలిసిపోయి ఉంటుంది. ఉంటే గింటే నలుసంత."

"నలుసుంటే ఉన్నట్టే అని మీరే అంతారు గదా."

శ్రీనివాస రావు కళ్లజోడు తుడిచి పెట్టుకున్నాడు. దొంగతనం సంగతి మళ్లీ ఎత్తలేదు, పైకి రాయనూ లేదు. ఆ మంచితనం ఇప్పుడెవరికి కావాలి? ఆ సాయంత్రం బస్సు దిగాక రోజమ్మ ఇంటికెళ్లి పెట్టె తెరిచి గాజులు తీసి వేసుకుంది. వేసుకోమని తిట్టేవాళ్లు లేరు. అయినా వేసుకుంది. కంచంలో అన్నం పెట్టి మూత వేసింది.

గుడ్ ఫ్రైడే వెళ్లిన మర్నాడు, శనివారం, ఒంటిపూట ఆఫీసు. గుమ్మం దగ్గర ఎప్పటిలాగే గాజులు ఊడదీసి సంచిలో వేసుకుంది. తొట్టి ఎత్తే పని పెట్టుకుంది. తొట్టిలో యాసిడ్ విరగడానికి సున్నపురాళ్లు వేస్తారు. అవి ఎప్పుడో కరిగిపోయాయి, కొత్తవి పంపమని శ్రీనివాస రావు ఎన్నిసార్లు అడిగినా పైనుంచి రాలేదు. ఆ సంగతి రోజమ్మకూ తెలుసు. పై నీళ్లు తోడేసింది. అడుగున బూడిదరంగు మడ్డి, అందులో అక్కడక్కడా నల్లటి చారలు. మోకాళ్ల మీద కూర్చుంది. గరిటె పక్కన పెట్టింది. కుడి చేతి తొడుగు వేలు వేలునా లాగి తీసేసింది.

గరిటెతో ఎత్తేది పాకీ పని. ఇది ఆ పని కాదు. నల్ల చార ఎక్కడ కనిపిస్తే అక్కడ వేళ్లు పెట్టి నెమ్మదిగా తీసింది. చల్లగా ఉంది. మంటేమీ లేదు. గుప్పెడయ్యాక ప్లాస్టిక్ సంచిలో వేసి, చెయ్యి కుళాయి కింద కడుక్కుని, కొంగున తుడుచుకుని ఇంటికి బయలుదేరింది.

గార్డెన్ రీచ్ చేరేసరికి గోళ్ల కింద సలపడం మొదలయింది. గాజులు వేసుకోబోతే కుడిచేతికి ఎక్కలేదు. వేళ్లు వాచిపోయి కొసలు సున్నం కొట్టినట్టు తెల్లబడ్డాయి. తర్వాత వచ్చినలాంటి నొప్పి ఆమె జన్మలో ఎరగదు. పక్కింటివాళ్లు వెన్న రాశారు, చల్లటి నీళ్లలో ముంచారు. ఆస్పత్రికి పోదాం పదమని కూర్మయ్య బతిమాలాడు. "తెల్లారనీ తమ్ముడా, ఇంకొక్క పనుంది" అని పళ్ల బిగువున కూర్చుంది.

ఈస్టరు తెల్లవారింది. సమాధుల తోటలో కొవ్వొత్తులు, బంతిపూలు, సున్నపు వాసన. యేసురత్నం సమాధి దగ్గర రోజమ్మ చేతి కట్టు విప్పింది. చూసినవాళ్లు, "ఓలమ్మో!" అని వెనక్కి జరిగారు. ఎడమ చేత్తో వెయ్యమని కూర్మయ్య అన్నాడు. ఆమె తల ఊపి, తెల్లబడి బిగుసుకుపోయిన కుడిచేతి వేళ్లనే సంచిలో పెట్టి ఆ మడ్డి తీసి సమాధి మీద వేసింది. "నీ కొడుకొచ్చినాడత్తా" అంది. అప్పుడు స్పృహ తప్పింది.

ఆస్పత్రిలో మూడు వేళ్లు సగానికి తీసేశారు. శ్రీనివాస రావు చూడ్డానికి వచ్చాడు. మంచం పక్కన నిలబడి ఆ కట్టు వైపు చూడలేక కిటికీ వైపు చూస్తూ మాట్లాడాడు. ఈ చేత్తో ఇక పాత్రలు కడగలేదని ఆఫీసు ఆమె పేరు కొట్టేసిందట. వేరే ఏదైనా పని ఇవ్వమని తాను అడుగుతాడట. రోజమ్మ సరేనన్నట్టు తల ఊపింది. తలగడ పక్కన నర్సు పెట్టిన గాజులు ఉన్నాయి. వాటిని పట్టుకెళ్లి ఎవరికైనా ఇచ్చేయమని కూర్మయ్యకు అప్పటికే చెప్పింది.

వెళ్లబోతూ శ్రీనివాస రావు ఆగాడు. ఇక ఉండబట్టలేకపోయాడు.

"నీకు అన్నీ తెలుసు. ఎన్నిసార్లు చెప్పాను! ఆ తొడుగు ఎందుకు తీశావు రోజమ్మా?"

రోజమ్మ అతని కేసి వింతగా చూసింది. ఇంత చదువుకున్న మనిషికి ఇది కూడా చెప్పాలా అన్నట్టు చూసింది.

"మొగుడికి మన్ను తొడుగేసుకుని ఏత్తారేటి బాబూ?" అంది.